మూడో మనిషి ఇంట్లో

మీరిప్పుడు బండి కొన్న రోజే బీమా కాగితం తెచ్చుకుంటున్నారు. తెచ్చుకుని, విప్పి కూడా చూడకుండా ఎక్కడో పడేస్తున్నారు. నేనేమీ అనను. ఆ కాగితాల మీదే అన్నం తిన్న నేను, ఉద్యోగంలో చేరిన రెండేళ్ళ దాకా వాటిలోని చిన్నక్షరాలు సరిగ్గా చదవలేదు. చదివాననే అనుకున్నాను. చదవనివాడితో వచ్చే నష్టం కంటే, చదివాననుకునేవాడితో వచ్చే నష్టం ఎక్కువని నాకు ఒక డెన్మార్క్ దొరా, ఒక పోచంపల్లి నేతన్నా కలిసి నేర్పారు. ఆ సంగతి తలచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా, అదంతా నిజంగా జరిగిందా, లేక నల్లగొండ ఎండకు కునుకు పట్టి కలగన్నానా అనిపిస్తుంది.

అరవైల మొదట్లో మా బీమా కంపెనీకి నల్లగొండలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. కింద సైకిల్ దుకాణం, పైన మా రెండు గదులు. మేం ముగ్గురం. మేనేజరు గారు కృష్ణకు అవతలి నుంచి వచ్చిన మనిషి. మా మాట వింటే ఆయనకు నవ్వు. "ఏమండీ, మీ గిట్లా గట్లా కాగితం మీదకి రానివ్వకండి" అనేవారు. రెండో మనిషి దఫ్తరీ. నిజాం కాలం కచేరీలో ఫైళ్ళు మోసి మోసి మా దగ్గరికి వచ్చిన ముసలాయన. కాగితాల దస్తా విప్పడంలోనూ, మనిషిని చదవడంలోనూ ఆయన్ను మించినవాడు లేడు. మూడోవాణ్ణి నేను, ఇరవై నాలుగేళ్ళ గుమాస్తాను. జిల్లాలో సొంత కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి మధ్యాహ్నాలు పని ఉండేది కాదు. కిటికీలోంచి నల్లటి గుట్ట ఎండలో ఆవిరై, మళ్ళీ గట్టిపడి, మళ్ళీ ఆవిరవుతూ ఉండేది. దాన్ని చూస్తూ నేను సగం నిద్రలో బతికేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం దొర వచ్చాడు. పొడుగ్గా, ఎండకు కందిపోయిన ముక్కుతో, చేతిలో ఒక రాయి పట్టుకుని వచ్చాడు. బండరాళ్ళ కింద నీళ్ళెక్కడున్నాయో చూసి చెప్పడం ఆయన పని. పానగల్ పోయే తోవలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడట, హైదరాబాదులో ఒక పాత మోరిస్ కారు కొన్నాడట. తనది డెన్మార్క్ అన్నాడు. గోడ మీది పటంలో చాలాసేపు వెతికితే ఆ దేశం నా బొటనవేలి కిందే దాక్కుని ఉంది.

"మా దేశంలో బీమా ఉంది. మీ దేశంలో అదెలా ఉంటుందో నాకు తెలీదు. మొదటి నుంచి చెప్పండి" అన్నాడు. అడిగేవాడు దొరికితే ఆగుతానా? కొండంత రాగం తీశాను. ఈ బీమాలో ముగ్గురుంటారని చెప్పాను. మొదటివారు మీరు. రెండోవాళ్ళం మేము. మూడో మనిషి ఎవరో మీకూ తెలీదు, మాకూ తెలీదు. మీ కారు వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో అతనే మూడో మనిషి. మీ కారు సొట్ట పడితే ఈ కాగితం మీకేమీ ఇవ్వదు, ఆ మూడో మనిషి కోసమే సర్కారు దీన్ని తప్పనిసరి చేసింది.

దొర చేతిలోని రాయిని బల్ల మీద పెట్టాడు.

"అయితే ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగాడు.

"ఎవరు?"

"ఆ మూడో మనిషి. ఎక్కడో ఉండే ఉంటాడు కదా. ఇప్పుడు అన్నం తింటూ ఉండొచ్చు. నిద్రపోతూ ఉండొచ్చు. నేను అతని కోసం డబ్బు కడుతున్నానని అతనికి తెలీదు."

వెనక నుంచి దఫ్తరీ, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, "ఏమంటుండు?" అని అడిగి, నేను చెప్పింది విని, "మంచి మనిషే" అని తేల్చేశాడు. ఆ తర్వాత చాలా రోజులు నేను బజారులో నడుస్తూ ఎదురొచ్చే వాళ్ళ మొహాలు చూసేవాణ్ణి. వీళ్ళలో ఎవరో అని.

వానలు ఆగిపోయాక ఒక రోజు దొర మెట్లెక్కి వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. పోచంపల్లి నుంచి వస్తుంటే మలుపులో బర్రెల మంద అడ్డం వచ్చింది. మన దగ్గర ఎవరైనా బండిని ఎడమకు తిప్పుతారు. వాళ్ళ దేశంలో బళ్ళు కుడి వైపు నడుస్తాయి. ఇక్కడికొచ్చి ఇన్ని నెలలు జాగ్రత్తగా ఎడమ వైపు నడిపినవాడు, ఆ ఒక్క క్షణంలో కుడికి తిప్పాడు. ఎదురుగా ఒక నేతపని ఆయన సైకిల్ మీద రంగు నూలు మూట పెట్టుకుని వస్తున్నాడు. సైకిల్ ఎగిరిపడింది. మనిషి రాయి మీద పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది.

"రోడ్డంతా ఎర్రగా ఉంది. నెత్తురనుకున్నాను" అన్నాడు దొర. "నూలు. అంతా నూలే."

దెబ్బ తిన్న మనిషిని తన కార్లోనే దవాఖానకు చేర్చి, పోలీసు ఠాణాలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, అక్కడి నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. మళ్ళీ దవాఖానకు పోయి ఆ మనిషి కాళ్ళు పట్టుకుంటాననే వాలకంలో ఉన్నాడు. నేను బీమా కాగితం తీసి, షరతుల పేజీ మీద వేలు పెట్టి, నా జీవితంలోకెల్లా గొప్ప తప్పు చాలా హుందాగా చేశాను.

"ఇక మీరు ఆయన్ని చూడటానికి పోవద్దు. తప్పు నాదే అని ఆయనతో అనొద్దు. మాట ఇవ్వొద్దు. పైసా ఇవ్వొద్దు. ఇక మాట్లాడేదీ చేసేదీ కంపెనీయే. మీరు కాదని చేస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది, నష్టపోయేది ఆయనే."

"క్షమించమని కూడా అడగొద్దా?"

"అది అసలే వద్దు."

మేనేజరు గారు లోపలి గది నుంచి, "అద్గదండీ, అలా చెప్పాలి" అని మెచ్చుకున్నారు. నా ఛాతీ ఉబ్బింది.

కంపెనీకి ఇచ్చే రిపోర్టులో దొర ఆ మలుపును, బర్రెలను, సైకిల్‌ను బొమ్మ గీసి, కింద ఒక వాక్యం రాశాడు. 'నా చేతులు నా దేశం వైపు తిరిగాయి.' అది కొట్టేయమన్నాను. "మీరు రెండోవాళ్ళు కదా, మీకు నిజం చెప్పొచ్చు కదా" అన్నాడు. ఆ వాక్యం అలాగే హైదరాబాదు పోయింది.

వారాలు గడిచాయి. దొర బుద్ధిమంతుడైన విద్యార్థి. పోవద్దన్నాను కాబట్టి పోలేదు. దెబ్బ తిన్న మనిషి తన పేరు మీద దరఖాస్తు పెట్టుకుంటే తప్ప పని కదలదు, దానికో గడువుంది. గడువు దగ్గర పడుతున్నా దరఖాస్తు రాలేదు. సరే, అజ్ఞానంలో ఉన్నాడేమో, చేయి పట్టి నడిపిద్దామని నేనే కాగితాలు తీసుకుని పోచంపల్లి బస్సెక్కాను.

ఆ ఊళ్ళో బస్సు దిగితే ముందు చెవులకు ఊరు కనబడుతుంది. ప్రతి ఇంటి నుంచీ మగ్గం చప్పుడే. వీధి పొడుగునా దండేల మీద నూలు ఆరుతూ, గాలికి ఎరుపు నలుపు నీడలు నేల మీద ఈదుతున్నాయి. నీళ్ళలో నడుస్తున్నట్టే నడిచాను. ఒక్క ఇంటి ముందు మాత్రం చప్పుడు లేదు. అదే ఇల్లని అడక్కుండానే తెలిసింది.

ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. సిమెంటు పట్టీ వేసిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, మగ్గం గుంట అంచున కూర్చుని ఉన్నాడు. భార్య రాట్నం తిప్పుతోంది. ముసలి తల్లి గోడకు ఆనుకుని చూస్తోంది. నేను కూర్చుని, కంపెనీ, షరతు, దరఖాస్తు అన్నీ విప్పి చెప్పాను. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు.

"అయిపోయిందా సారు?" అన్నాడు.

"అయిపోయిందన్నా. నువ్వు ఒప్పుకుంటే కాగితం నింపుత."

"గాయన ఆనాడు నన్ను దవాఖాన్ల దించి పోయిండు. మల్ల మొఖం సూపియ్యలె. మా బర్రెకు దెబ్బ తాకితే గూడ మూడు దినాలు ఇరుగు పొరుగు అచ్చి సూసిపోతరు. నేను బర్రెకన్న తక్కువనా?"

"అట్ల కాదన్నా, గది కంపెనీ కాయిదా, షరతు..."

"నీ కాయిదా నాకెందుకు సారు? సూడని మనిషి పైసలు నాకద్దు. గవి దీస్కుంటే, నా చెయ్యిని ఆయనకు అమ్ముకున్నట్టు ఉంటది."

"ఇల్లెట్ల నడుస్తదన్నా?"

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. భార్య రాట్నం ఆపి నా వైపు చూసింది. "నడుస్తనే ఉన్నది సారు" అంది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ముసలమ్మ మాత్రం, "మంచినీళ్ళు తాగి పో బిడ్డా" అంది. తాగి, కాగితాలు సర్దుకుని లేచాను.

వచ్చేటప్పుడు బస్సులో సిగ్గుగా ఉండింది. ఎవరిమీదో కోపం కూడా వచ్చింది. ఎవరిమీదో తెలియక కిటికీ మీద చూపించాను, అది ఎటూ మూసుకోలేదు.

ఆఫీసులో దఫ్తరీకి చెబితే ఆయన చేస్తున్న పని ఆపాడు.

"నువ్వు పోవద్దన్నవా?"

"షరతు ఉంది కదా."

"షరతు కంపెనీది. పరామర్శ ఊరిది. ఇంటిమీద కష్టం పడ్డప్పుడు పగోడు గూడ ఒక్కసారన్న అచ్చి అరుగు మీద కూసుంటడు సారు. ఏం మాట్లాడకున్నా సరే. రాకుంటే మాత్రం పుట్టెడు పైసలిచ్చినా పగే. మంచి మనిషిని పగోణ్ణి జేసినవు."

అప్పుడర్థమైంది, దొర వారం నుంచి ఎందుకు దిగులుగా ఉన్నాడో. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయనకు బావి చూపించేవాళ్ళు లేకుండా పోయారట. "నేను పోతే తలుపులు వేసుకుంటున్నారు, ఎందుకో తెలీదు" అని నాతోనే అన్నాడు. ఎండలో నిలబడి బండలను తట్టుకుంటూ ఒంటరిగా తిరుగుతున్నాడు. దానికి కారణమైనవాణ్ణి నేనే, అప్పటిదాకా నాకూ తెలియలేదు.

సాయంత్రం పానగల్ తోవలోని ఆయన ఇంటికి పోయాను. తప్పు నాదే అని చెప్పాను. బీమా మనిషి నోట ఆ మాట రావడం ఎంత కష్టమో మీకు తెలీదు, మా పనే అది రానివ్వకపోవడం. దొర కోప్పడలేదు. పెట్టెలోంచి బీమా కాగితం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని షరతు మీద వేలు పెట్టి, ఒక్కో మాటా నెమ్మదిగా చదివాడు. తప్పు ఒప్పుకోరాదు. మాట ఇవ్వరాదు. ఇస్తాననరాదు. చెల్లించరాదు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇందులో పోకూడదని ఎక్కడుంది?" అని అడిగాడు.

కాగితం లాక్కుని చూశాను. లేదు. ఎక్కడా లేదు. నాలుగు మాటల పక్కన ఐదో మాట నేనే కలిపాను, అదీ అన్నిటికంటే ముందు పెట్టి. రెండేళ్ళుగా అందరికీ అలాగే చెబుతున్నాను. పూజారి కంటే ముందు ఆయన బంటు తలుపు మూసినట్టు, కంపెనీ కూడా మూయని తలుపును నేను మూశాను.

"నేను మాట్లాడను. కూర్చుంటాను. దానికి మీ కంపెనీ ఒప్పుకుంటుందా?" అన్నాడు దొర.

గడువు ఇంక రెండు రోజులే ఉంది. మరుసటి రోజు ఆదివారం. మేనేజరు గారికి చెప్పలేదు. చెబితే వద్దంటారు, వద్దన్నాక పోతే అది వేరే తప్పు. దారిలో ఒక డజను అరటిపండ్లు కొన్నాం. కొన్నాక, ఇది చెల్లింపు కిందికి వస్తుందేమోనని నాకు మళ్ళీ పీడ పట్టుకుంది. దొర నా మొహం చూసి నవ్వి, పండ్లు కార్లోనే వదిలేశాడు.

ఇంటి ముందు ఆగగానే వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేను ఆ ఊళ్ళో ఊహించలేదు. దొర చెప్పులు విడిచి, తల వంచి గడప దాటి, నేతన్నకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఇద్దరూ ఆ సిమెంటు పట్టీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపో చెప్పలేను. పైకప్పు సందులోంచి పడిన ఎండ ముక్క మగ్గం మీది నుంచి గోడకు, గోడ మీది నుంచి దొర మోకాలికి జరిగింది. దొర కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అది తప్పు ఒప్పుకోవడం కిందికి వస్తుందా అని నేనొక్క క్షణం ఆలోచించానంటే, అప్పటి నా బతుకు ఏపాటిదో చూడండి.

"ఉత్త చేతుల్తోని అచ్చిండు" అంది ముసలమ్మ మెల్లగా, ఎవరితోనో అన్నట్టు.

"కంపెనీ వద్దన్నదవ్వా" అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. భార్య నూలు చిలప, చుట్టలా చుట్టిన పోగుల కట్ట, ఒకటి విప్పుతోంది. అది చిక్కుపడకుండా ఎవరో ఒకరు రెండు చేతులకూ తగిలించుకుని పట్టుకోవాలి. ఆ పని రోజూ నేతన్నే చేసేవాడట. ఇప్పుడు ఒక చెయ్యి లేదు. దొర ఆ చిలప వైపు చూశాడు. చూసి, రెండు చేతులూ ముందుకు చాచాడు. అరచేతులు ఎదురెదురుగా పెట్టి, బొటనవేళ్ళు పైకి నిలిపి, తెలిసినవాడిలా పట్టాడు. భార్య భర్త వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె చిలప దొర చేతులకు తగిలించింది.

నూలు తిరుగుతుంటే దొర చేతులు అటూ ఇటూ కొంచెం కొంచెం వంగుతూ దారం వదులుతున్నాయి. ఎవరూ నేర్పకుండానే. తర్వాత చెప్పాడు, చలికాలంలో వాళ్ళ నాయనమ్మ ఉన్ని చుడుతుంటే అలాగే పట్టుకునేవాడట. ముసలమ్మ గోడ వదిలి ముందుకు జరిగింది. "అరె, ఒడుపు తెలిసినోడే" అంది. ఆ మాటకు నేతన్న మొహంలో ఏదో కరిగింది. అంతసేపటికి మొదటిసారి మాట్లాడాడు.

"రొట్టె తింటడా సారు? జొన్నరొట్టె."

"తింటడన్నా."

"అయితే పెట్టుండ్రి."

మధ్యాహ్నం దాటేదాకా దొర చిలప తర్వాత చిలప పట్టాడు. రొట్టె తిన్నాడు. పచ్చి మిర్చి తొక్కుకు కళ్ళు మళ్ళీ కారాయి, ఈసారి అందరూ నవ్వారు. వీధిలో మగ్గాలు ఎప్పుడు మొదలయ్యాయో గమనించలేదు. నాకు కునుకు వచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గోడకు ఆనుకుని కాసేపు నిద్రపోయాను. లేచేసరికి నేతన్న నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"తియ్యి సారు నీ కాగితం" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీ ఆ దరఖాస్తు మీద ఇవ్వాల్సింది ఇచ్చింది, దొర రాసిన ఆ ఒక్క వాక్యమే దాన్ని గట్టి చేసింది. చెయ్యి అతుక్కుంది. నూలుకు చిన్న చిన్న ముడులు కట్టి రంగుల్లో ముంచే సన్నపని మాత్రం ఆ చేతికి మళ్ళీ పూర్తిగా లొంగలేదు, మగ్గం నడిచింది. వాహనదారుణ్ణి దెబ్బ తిన్నవాడి ఇంటికి ఎందుకు తీసుకుపోయావని నాకు హైదరాబాదు నుంచి సంజాయిషీ కాగితం వచ్చింది. మేనేజరు గారు దాని మీద నా తరఫున రెండు పేజీలు రాశారు. ఆయన మా భాషను ఎంత వెక్కిరించినా నేను నొచ్చుకోవడం మానేశాను. దొర రెండేళ్ళుండి వెళ్ళిపోయాడు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఇవేవీ కావు. ఆ మధ్యాహ్నం కాగితం నింపాక జరిగింది.

కాగితం అడుగున గీత చూపించి, ఇంకు ప్యాడు మూత తీసి ముందు పెట్టాను. "ఎడమ బొటనవేలు ముద్ర చాలన్నా" అన్నాను. నాకది రోజూ చేసే పని. ఆయన మొహం నల్లబడింది. పైసలొద్దని నన్ను పంపేసినప్పుడు కూడా అలా కాలేదు.

"నేను నిశానీ ఏసేటోణ్ణి కాను సారు" అన్నాడు. "పెద్దగైనంక బడికి పోయి నేర్సుకున్న. మా సంఘం పుస్తకంల అందరివి వేళ్ళు, నాది దస్కతు. జర ఆగుండ్రి, పట్టీ ఇప్పినంక ఏస్త."

పట్టీ విప్పడానికి ఇంకా వారాలున్నాయి. గడువుకు ఒక్క రోజుంది. భార్య రాట్నం ఆపేసింది. ముసలమ్మ కొడుకు వైపే చూస్తోంది. దొర చేతులకు చిలప అలాగే ఉంది, ఏమైందని కళ్ళతో అడిగాడు. నేను చెప్పలేదు. నేతన్న సంగతి దొరకు చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

కాగితం నా వైపు తిప్పుకున్నాను. అది మొత్తం ఇంగ్లీషులో ఉంది. వేలిముద్ర పడాల్సిన చోటుకు కింద, ఎవరూ రాయమనని చోట, తెలుగులో రాశాను. రాసి చదివాను.

"వీరికి సంతకం చేయడం వచ్చు. కుడిచెయ్యి విరిగి ఉన్నందున మాత్రమే వేలిముద్ర వేస్తున్నారు."

"మల్ల సదువు సారు."

మళ్ళీ చదివాను.

"జర గట్టిగ. మా అమ్మకు ఇనబడాలె."

గట్టిగా చదివాను. ఆయన ఎడమచేతి బొటనవేలిని ప్యాడు మీద అద్దుకుని, నా చెయ్యి పట్టనివ్వకుండా, తనే కాగితం మీద ఒత్తాడు.